తెగవలసిన మూరెడు తాడు

లస్కరు సత్తిరాజు గారు దివంగతులయ్యారన్న వార్త గత బుధవారం మూడో పీరియడులో నా చెవిన పడింది. పదో తరగతికి సమాసాలు చెబుతున్నాను. ఫోను చేసినవాడు ఐ.పోలవరంలో ఆయన పక్కింటి పడవ నూకరాజు. "మాస్టారండీ, తవరు ఒకసారి రావాలండి. లస్కరు గారు పాయలో పడిపోయేరండి" అన్నాడు. "ఎలా ఉన్నారు?" అని అడిగాను. "ఒడ్డుకి తెచ్చేమండి" అన్నాడు. తెచ్చేం అన్న మాటలోనే నాకు సంగతి తెలిసిపోయింది. క్లాసు ఎవరికి అప్పజెప్పానో జ్ఞాపకం లేదు. కొత్తపేట నుంచి ఐ.పోలవరం దాకా ఆ మోటారు సైకిలు నడిపింది నేనేనంటే ఇప్పటికీ నమ్మలేకుండా ఉన్నాను.

ఆ రోజు మొదలు ఈ రోజు దాకా, ఆయన మరణవార్త విన్నవాళ్ళు నన్నడుగుతున్న మొదటి మాట ఒకటే. గుండెపోటా అని కాదు, దోనె బోల్తా పడిందా అని కాదు. "అదేంటండి బాబూ, తాడు తెగలేదా?" అని. ఇంకెవరైనా నీట మునిగి పోతే ఈ ప్రశ్న పిచ్చిగా ఉండేది. సత్తిరాజు గారి విషయంలో ఇంతకంటే సహజమైన ప్రశ్న లేదు. గాలపు తాడు సమయానికి తెగాలి, తెగని తాడు యమపాశం అని ముప్పై ఏళ్ళు ఊరూవాడా చెప్పిన మనిషి, తెగని తాడు చేతికి చుట్టుకుని పోయాడంటే ఎవరికి మింగుడుపడుతుంది?

నాలుగో రోజున ఆయన సతీమణి సుభద్రమ్మ గారు కూడా నన్ను అడిగారు. ఆమె అడిగిన తీరు వేరు. వసారాలో చాప మీద కూర్చుని, తల ఎత్తకుండా, "ముక్క వేసేరు కదండీ మాస్టారూ?" అన్నారు. "ఆయ్, వేసేనండి" అన్నాను. ఆమె ఇంకేమీ అడగలేదు. ఆ ప్రశ్న అర్థం కావాలంటే సత్తిరాజు గారెవరో ముందు తెలియాలి. నా జవాబు సంగతి తర్వాత.

పెద్దకార్యం నాటికి మిత్రులు ఒక చిన్న పుస్తకం వేస్తున్నారు. "తెలుగు మాస్టారు తవరే కదండీ, నాలుగు మాటలు గొప్పగా రాయండి" అన్నారు. గొప్పగా రాయడం నాకు చేతనైన విద్యే. పదవీ విరమణ సభల్లో ఎంతోమంది గుమాస్తాలను ధీరోదాత్తులను చేసి పంపాను. ఈసారి మాత్రం కలం సాగడం లేదు. ఆయనను ఎంత పొగిడినా తక్కువే గాని, పొగుడుతున్న చెయ్యి ఎవరిదన్నదే నాకు అడ్డొస్తోంది.

సత్తిరాజు గారు ఇరిగేషన్ శాఖలో లస్కరుగా చేసి రిటైరయ్యారు. కాలువ గట్ల మీద తిరుగుతూ లాకుల తలుపులు ఎత్తడం, దించడం, గట్టుకు గండి పడకుండా చూడడం ఆయన ఉద్యోగం. రిటైరయ్యాక ఇంటి అరుగు మీద గాలాలూ తంగూసూ అమ్మే చిన్న కొట్టు పెట్టారు. తంగూసు అంటే గాలానికి కట్టే నైలాను దారం; లావును బట్టి దానికి నంబరు ఉంటుంది. అమలాపురం నుంచీ రాజోలు నుంచీ కూడా మనుషులు ఆ అరుగు వెతుక్కుంటూ వచ్చేవారు. వచ్చింది కొనడానికి కాదు, ఏ నంబరు కొనాలో అడగడానికి.

వాళ్ళందరినీ రప్పించింది పండుగప్ప. సముద్రపు పోటు గోదావరి పాయలోకి ఎక్కే చోట, ఉప్పు నీరూ తియ్యనీరూ కలిసే చోట, మడ చెట్ల వేళ్ళ కింద కాపు కాసే చేప అది. ఎరను ఒక్క గుక్కలో మింగి, మరుక్షణం తిరిగి వేళ్ళలోకే దూరుతుంది. మొప్పల మీద ఉండే దాని చెంపరేకు చాకు లాంటిది, తాడును కోసేస్తుంది. కోనసీమలో దాని పులుసు తిననివాడూ, దాన్ని గాలానికి పట్టానని ఒక్కసారైనా కోతలు కోయనివాడూ అరుదు.

పన్నెండేళ్ళ క్రితం నేనూ ఆ అరుగెక్కాను. "ఉన్నవాటిలో గట్టి తంగూసు ఇవ్వండి" అన్నాను, గట్టిది అడిగితే తెలిసినవాణ్ణనుకుంటారని. ఆయన కళ్ళజోడు పైకి జరిపి, "ఎంత బరువండి?" అన్నారు. "పది కేజీల చేప పడినా ఆగాలండి" అన్నాను. "చేప కాదండి. తవరు. తవరి బరువెంతండి?" అన్నారు. పక్కన ఇద్దరు నవ్వారు. నాకు ఒళ్ళు మండింది. అయినా చెప్పాను. ఆయన నవ్వలేదు. "దోనె మీద కూర్చున్న మనిషిని లాగెయ్యడానికి ఆ మనిషి బరువంత బలం అక్కర్లేదండి. పావు వంతు చాలు. దానికంటే ముందు తెగిపోయే తాడు పట్టుకెళ్ళండి" అని, నేనడిగిన దానిలో సగం లావు కూడా లేనిది చేతిలో పెట్టారు. ఆ రోజు ఆయన్ను మనసులో పిసినారి అనుకున్నాను. తక్కువ రకం అంటగట్టాడనుకున్నాను.

ఆయన అడిగే ప్రశ్నలు ఇంకా ఉండేవి. నీళ్ళు తేటగా ఉన్నాయా, మడ్డిగా ఉన్నాయా అనేవారు. తేట నీటిలో లావు తాడు చేప కంటపడుతుంది, ఎర దాకా వచ్చి వెనక్కి పోతుంది. ఒడ్డున వేళ్ళున్నాయా, గుల్లలున్నాయా అనేవారు. ఉంటే సన్న తాడు రాసుకుని పోతుంది. గట్టు మీద నుంచా, దోనె మీద నుంచా అనేవారు. "గట్టు మీదయితే కాళ్ళ కింద భూదేవి ఉంటుందండి. దోనెలో మన కాళ్ళ కింద ఎవరూ లేరు." ఇవన్నీ అడిగి, పది నిమిషాలు ఆలోచించి, చివరికి నలభై నంబరో యాభై నంబరో తీసేవారు. తొందరపడేవాళ్ళకు ఆ కొట్టు సరిపడేది కాదు. నేను తొందరపడే మనిషినే. అయినా ఎందుకో వదల్లేకపోయాను.

ఇంటి ముందు కొబ్బరిచెట్టు ఒకటుంది. దాని మానుకు, మనిషి రొమ్ము ఎత్తున, చుట్టూ గీతలు పడి ఉంటాయి. ఏ తంగూసు కొత్త చుట్ట వచ్చినా దాని కొస ఆ చెట్టుకు కట్టి, రెండో కొసకు చేపల బజారులో వాడే కొక్కెం కాటా తగిలించి లాగేవారు. ఎన్ని కేజీల దగ్గర తెగిందో చూసుకునేవారు. పొడిగా ఉన్నప్పుడొకసారి, నీళ్ళలో నానబెట్టి ఒకసారి, ముడి వేసి ఒకసారి. "ముడి పడ్డ తాడు సగం తాడేనండి" అనేవారు. కంపెనీవాడు అట్ట మీద అచ్చేసిన అంకెను ఆయన ఏనాడూ నమ్మలేదు. ఆ గీతలు పడ్డ చెట్టును చూసి కొత్తవాళ్ళు ఏదో తెగులనుకునేవారు.

ఇక ఆయన కట్టు. గాలానికి ఆనుకుని జానెడు లావు తంగూసు, నూరు నంబరుది, చెంపరేకుకు కోతపడకుండా. దాని పైన మూరెడు సన్నది, నలభై అయిదు నంబరు. ఆపైన చేతి దాకా అసలు తాడు. మధ్యలో ఉన్న ఆ మూరెడే అన్నిటిలోకీ బలహీనం. ఏది చిక్కుకున్నా, ఏది లాగినా ముందు తెగేది అది. దాన్ని ఆయన 'ధర్మం ముక్క' అనేవారు. "అన్నం తినే ముందు కాకికి ముద్ద పెడతాం కదండీ, అలాగే ఇది నదికి ముందే వదిలేసిన ముక్కండి. ఇది పోతే గాలం ఒకటి పోద్ది, చేప బతుకుద్ది, మనిషి ఇంటికెళ్తాడు" అనేవారు. సుభద్రమ్మ గారు నన్నడిగింది ఆ ముక్క గురించే.

ఈ నియమం ఎక్కడ పుట్టిందో ఆయన ఒక్కసారే చెప్పారు. వరదరోజుల్లో, ఆయన కుర్రతనంలో, లాకు తలుపుకు గుర్రపుడెక్క అడ్డుపడింది. అప్పన్న అనే తోటి లస్కరు నడుముకు మోకు కట్టుకుని నీళ్ళలోకి దిగాడు. మోకు రెండో కొస సత్తిరాజు గారి చేతుల్లో ఉంది. ఎగువ నుంచి కొట్టుకొచ్చిన తాటిదుంగ ఒకటి మోకు మీద పడి దాన్ని కిందికి తొక్కింది. మోకుతో పాటు మనిషీ వెళ్ళాడు. "అప్పన్న ఈతగాడండి. మోకు తెగుంటే దిగువన ఎక్కడో గట్టెక్కేవాడు. పాతదైతే తెగేదండి. అంతకు ముందు రోజే కొత్తది ఇచ్చేరు. నేను పట్టుకునే ఉన్నానండి, వదల్లేదు. వదలకూడదనుకున్నాను." ఇంత చెప్పి, "ఆ మోకు చాలా మంచిదండి" అన్నారు. ఆయన మళ్ళీ తంగూసు చుట్టుకోవడం మొదలుపెట్టారు.

అందుకేనేమో, తాడు తెగినప్పుడు ఆయనకు కోపం రాగా నేను చూడలేదు. తెగిన వెంటనే రెండు చేతులూ జోడించి నీటికి దండం పెట్టేవారు. మొదట్లో నాకది నటనలా ఉండేది. నా తాడు తెగితే నేను నోటికొచ్చిన పద్యాలన్నీ చదివేవాణ్ణి, అందులో కొన్ని పద్యాలు కావు కూడా. "దానికి మీ మీద పగేం లేదండి మాస్టారూ, ఊరికే తిట్టకండి" అనేవారు. తిరిగొచ్చేటప్పుడు గట్టు మీద ఎవరో పారేసిన తంగూసు ముక్కలన్నీ ఏరి జేబులో వేసుకునేవారు, కొంగల కాళ్ళకు చుట్టుకుంటాయని. ఇంటికొచ్చాక సుభద్రమ్మ గారు ఆ జేబులు వెతికి, "ఈయన జేబులో రూపాయి దొరకదు గాని తాడు మాత్రం ఇంటిల్లిపాదికీ సరిపడా దొరుకుద్దండి" అని ఆటపట్టించేవారు.

గత రెండేళ్ళుగా ఆయనకు చూపు మందగించింది. శుక్లాలు. ఆపరేషను చేయించుకోమంటే, వర్షాలు వెళ్ళనివ్వండి, చలి వెళ్ళనివ్వండి అంటూ వాయిదా వేశారు. సుగరు వల్ల వేళ్ళ కొసలు మొద్దుబారాయి. తాడును వేళ్ళ మధ్య జారనిచ్చి పట్టడం కష్టమై, అరచేతికి తువ్వాలు చుట్టి దాని మీద తాడు ఒక్క చుట్టు వేసుకోవడం మొదలుపెట్టారు. ఒకప్పుడు చేతికి చుట్టుకున్నవాణ్ణి చూస్తే గట్టు మీంచే కేకలేసిన మనిషి ఆయన. నేనదే అంటే, "ధర్మం ముక్క ఉంది కదండీ. అది ఉన్నంతకాలం చుట్టుకున్నా ఫర్వాలేదు" అన్నారు.

ఇంకో మాట. ఆ రెండేళ్ళుగా ఆయన కట్టుకు ముడులు వేస్తున్నది నేను. ప్రతి ఆదివారం కొత్తపేట నుంచి వెళ్ళి, ఆయన చెబుతుంటే వారానికి సరిపడా కట్లు కట్టి వచ్చేవాణ్ణి. నా ముడులంటే ఆయనకు ఎప్పుడూ వేళాకోళమే. "మాస్టారి ముడి మాస్టారి సమాసం లాంటిదండి. పైకి గంభీరంగా ఉంటుంది, కాస్త లాగితే విడిపోద్ది" అనేవారు. లాగి చూసి, విడిపోతే మళ్ళీ వేయించేవారు. అరవై దాటిన శిష్యుడికైనా ఆయన మార్కులు వేసేది అలాగే. నాకింకా యాభై మూడే.

నిరుడు శీతాకాలంలో పాయ మలుపు దగ్గర ఒక పెద్ద పండుగప్ప మసులుతోందని నూకరాజు చెప్పాడు. ఒకసారి నీటి మీద దొర్లితే చూశానని, ఎదిగిన పిల్లాడంత పొడవుందని అన్నాడు. సత్తిరాజు గారి గాలానికి అది మూడుసార్లు పడింది. మూడుసార్లూ ధర్మం ముక్క తెగింది. మూడుసార్లూ ఆయన దండం పెట్టారు. మూడోసారి నేను పక్కనే ఉన్నాను. నల్లటి నీళ్ళు సుడి తిరిగి, మళ్ళీ సర్దుకున్నాయి. అంత బరువు అంత చప్పుడు లేకుండా వెళ్ళిపోవడం నేనెప్పుడూ చూడలేదు. చెప్పొద్దూ, భయం వేసింది. ఆ వెంటనే, పోగొట్టుకున్నందుకు కోపం వచ్చింది. భయాన్ని మర్చిపోయాను, కోపాన్ని మాత్రం ఇంటికి తెచ్చుకున్నాను.

మా గాలం మిత్రులకు ఫోనులో ఒక గ్రూపు ఉంది. అమలాపురంలో ఉండే మిత్రుడొకరు, కొత్తగా విదేశీ గాలపు కర్ర కొన్నాయన, అందులో ఇలా రాశారు: "లస్కరు గారు చేపల్ని పట్టరండి, చేపలకి తాడు బహుమతిగా ఇచ్చి పంపుతారు." అందరూ నవ్వు బొమ్మలు పెట్టారు. సత్తిరాజు గారికి ఆ గ్రూపూ తెలియదు, ఆ నవ్వులూ తెలియవు. నేను చదివాను. మా గురువుగారిని అన్నారని కోపం వచ్చిందని ఇన్నాళ్ళూ అనుకున్నాను. నిజం చెప్పాలంటే, నేను ఆయన శిష్యుణ్ణని ఆ గ్రూపులో అందరికీ తెలుసు. మాట ఆయన మీద విసిరారు, తగిలింది నాకు.

గల్ఫులో పనిచేస్తున్న నా పాత విద్యార్థి ఒకడు సెలవుల్లో వస్తూ, ఏం తెమ్మంటారు మాస్టారూ అంటే, గట్టి గాలపు తాడు తెమ్మన్నాను. తెచ్చాడు. దారం లాగా సన్నగా, అల్లికతో, ఆకుపచ్చగా ఉంది. సత్తిరాజు గారు దాన్ని కొబ్బరిచెట్టుకు కట్టి లాగారు. కాటా ముల్లు చివరికంటా పోయింది, తాడు తెగలేదు. నేనూ ఒక చెయ్యి వేశాను. చెట్టు మానును అది కత్తిలా కోసుకుంటూ లోపలికి దిగింది గాని తెగలేదు. ఆయన వదిలేసి అరచెయ్యి చూసుకున్నారు. సన్నటి ఎర్రగీత పడింది. "బాగుందండి" అన్నారు. తర్వాత, "మాస్టారూ, తాడు తెగకపోతే ఇంకోటేదో తెగాలండి. రెండిట్లో ఒకటి తప్పదు" అన్నారు. సుభద్రమ్మ గారు గుమ్మంలో నిలబడి విన్నారు. "ఎందుకండీ అలాంటి మాటలు" అని లోపలికి వెళ్ళిపోయారు.

నెలరోజులు ఆ తాడు అటక మీదే ఉంది. నేను వెళ్ళిన ప్రతిసారీ దాని ఊసెత్తేవాణ్ణి. ఆ చెట్టుకు పడ్డ కొత్త గంటు చూస్తూనే ఎత్తేవాణ్ణి. చివరికి నా పోరు పడలేక, "అలాగేలెండి, ధర్మం ముక్క ఉంటే పైన ఏ తాడైనా ఒకటే కదా. కట్టండి. వచ్చే ఆదివారం ఇద్దరం వెళ్దాం" అన్నారు.

అది ఆయన పోవడానికి ముందు ఆదివారం మధ్యాహ్నం. వసారాలో కూర్చుని కట్టాను. గాలం, దానికి జానెడు లావుది, పైన మూరెడు నలభై అయిదు, ఆ పైన గల్ఫు తాడు. పద్ధతి ప్రకారం ముడులు రెండూ పడ్డాయి. ఆయన మాత్రలు వేసుకోవడానికి లోపలికి వెళ్ళారు. చేతిలో ఉన్న ఆ మూరెడు సన్నటి ముక్కను చూస్తుంటే, ఇంత తాడూ ఉండి ఏం లాభం, మళ్ళీ ఇక్కడే తెగుతుంది కదా, మళ్ళీ ఆ నవ్వులే కదా అనిపించింది. ఆయన పరువుకు పట్టిన చెదపురుగులా కనబడింది ఆ ముక్క. దాన్ని కోసి చొక్కా జేబులో వేసుకున్నాను. దాని స్థానంలో అంతే పొడుగు నూరు నంబరు ముక్క పెట్టి, మళ్ళీ రెండు ముడులు వేశాను. అయిదు నిమిషాలు కూడా పట్టలేదు.

ఆయన వచ్చి కట్టు చేతిలోకి తీసుకున్నారు. మొద్దుబారిన వేళ్ళతో తడుముతూ ముడులు లెక్కపెట్టుకున్నారు. రెండూ ఉన్నాయి. ముడులు తెలిశాయి గాని, మధ్యలో ఉన్నది సన్నమో లావో ఆ వేళ్ళకు తెలియలేదు. "ముక్క వేసేరా మాస్టారూ?" అన్నారు. "ఆయ్" అన్నాను. లాగి చూశారు. విడిపోలేదు. "ఇన్నాళ్ళకి నేర్చుకున్నారండి" అన్నారు. పన్నెండేళ్ళలో నాకు ఆయన నోట దక్కిన మెప్పు అదొక్కటే.

వచ్చే ఆదివారం నేను దోనెలో పక్కనే ఉంటాను కదా, ఏదైనా అయితే నేను చూసుకుంటాను కదా అనుకున్నాను. నా కోసం నేను చెప్పుకోగలిగింది ఇంతే. ఇది చాలదని నాకు తెలుసు.

బుధవారం తెల్లవారాక ఆయన ఒక్కరే వెళ్ళారు. ఎందుకు ఆగలేదో నాకు నాలుగో రోజున సుభద్రమ్మ గారి వల్లే తెలిసింది. "మలుపు దగ్గర అది మళ్ళీ దొర్లిందని నూకరాజు చెప్పేడండి. 'మాస్టారొచ్చేసరికి పట్టి చూపిస్తాను, ఆయన కట్టిన కట్టుతోనే పట్టేనని చెప్తాను, సంతోషిస్తారు' అని నవ్వుకుంటా వెళ్ళేరండి" అన్నారు.

జరిగింది చూసినవాళ్ళు లేరు. పాటు మొదలై నీళ్ళు సముద్రం వైపు లాగుతున్న వేళ, దోనె ఒక్కటే ఖాళీగా తిరుగుతుంటే నూకరాజు చూశాడు. ఆనవాళ్ళను బట్టి తెలిసింది ఇంతే: చేప ఎర మింగి మడ వేళ్ళలోకి దూరింది. తాడు వేళ్ళకు చిక్కుకుంది. పాటు దోనెను అటు లాగింది, వేళ్ళు తాడును ఇటు పట్టాయి. మధ్యలో ఆయన చెయ్యి. లాకు దగ్గర అప్పన్నకు జరిగిందే ఇదీ. చేప బలానికి పోలేదు ఆయన. తెగని తాడుకీ ఆగని నీటికీ మధ్య పోయారు.

నేను రేవుకు చేరేసరికి ఆయన్ను కొబ్బరాకుల మీద పడుకోబెట్టి ఉన్నారు. కుడి అరచేతి తువ్వాలులోకి ఆకుపచ్చ తాడు దిగబడి ఉంది. నూకరాజు దాన్ని చేతి దగ్గర కోసి, మిగిలిన కొసను రేవు గుంజకు కట్టాడు. "చేప ఉందండి. ఇంకా ఉంది" అన్నాడు మెల్లగా. ఆయన నడుముకు ఎప్పుడూ ఉండే మడత చాకు ఉందా అని చూశాను. ఉంది. ఎడమ చేతికి అందే చోటే ఉంది. మూసి ఉంది.

ఆ మూసి ఉన్న చాకు నన్ను నిద్రపోనివ్వడం లేదు. తాడు బిగిసిన క్షణంలో ఆయన చాకు తెరిచి కోసుకోవచ్చు. కోయలేదు. ఎందుకు కోయలేదో ఆయన శిష్యుడికి తప్ప ఇంకెవరికీ తెలియదు. ఇప్పుడు తెగుతుంది, ఇదిగో ఇప్పుడు తెగుతుంది అని ఎదురుచూశారు. మూడుసార్లు తెగింది కదా. ముక్క వేసేనని మాస్టారు చెప్పాడు కదా.

ఇద్దరు దోనెలో వెళ్ళి వేళ్ళలోంచి చేపను విడిపించి రేవుకు లాక్కొచ్చారు. నిజంగానే ఎదిగిన పిల్లాడంత ఉంది. ఎర్రటి కన్ను, దవడకు గాలం, దాని పైన ఒకటి కాదు రెండు ముడులు, రెండూ నావే. చెక్కుచెదరలేదు. అంత మంచి ముడులు నేను ముందెప్పుడూ వేయలేదు. ఎవరో ఎత్తి తూకం వేద్దామన్నారు. నేను సత్తిరాజు గారి చాకు అడిగి తీసుకుని, గాలం దగ్గర ఒకసారి, పై ముడికి పైన ఒకసారి తాడు కోశాను. చేప కాసేపు రేవు నీళ్ళలోనే ఉండి, తర్వాత మలుపు వైపు వెళ్ళిపోయింది. మాస్టారికి బాధతో మతిపోయిందన్నారు. రెండు ముడులూ ఉన్న ఆ ముక్కను నేను పిడికిట్లో దాచడం ఎవరూ చూడలేదు.

నాలుగో రోజున ఆమె అడిగినప్పుడు, ఏదో ఒక ముక్క వేశాను కదా అని లోపల కుతర్కం చేసుకుని ఆ "ఆయ్" అన్నాను. ఆయనతో ఒకసారి, ఆమెతో ఒకసారి. విద్యార్థులకు సత్యవాక్కు గురించి పాఠాలు చెప్పి సర్కారు జీతం తీసుకుంటున్న నోటితో.

లస్కరు సత్తిరాజు గారి వంటివారు మన సీమలో ఇక పుట్టరు. బలం ఎంతుండాలో చెప్పేవాళ్ళు చాలామంది ఉన్నారు. ఎంతకు మించి ఉండకూడదో చెప్పినవారు ఆయనొక్కరే. ఆ అరుగు ఖాళీ అయింది, ఆ కొబ్బరిచెట్టుకు ఇక కొత్త గీతలు పడవు. తాడు తెగితే నీటికి చేతులు జోడించేవారు ఇక ఉండరు. ఆ మహనీయుడికి అంజలి ఘటించే అర్హత నాకు లేదు. అయినా ఇంకెవరి పాదాలు పట్టుకోను?

మిత్రులు ఈ వ్యాసం పుస్తకంలో వేస్తారో వేయరో వారి ఇష్టం. వేయకపోతే పెద్దకార్యం రోజున కాగితం పట్టుకుని నేనే చదువుతాను. రెండు ముక్కలూ తెస్తాను, నేను జేబులో దాచినదీ, చేప దగ్గర కోసినదీ. కొబ్బరిచెట్టుకు కట్టి ఎవరైనా లాగి చూడవచ్చు.

సుభద్రమ్మ గారూ, మీరు నాలుగో రోజున నన్నొక మాట అడిగారు. వెయ్యలేదండి.